రెండో ఈతకు జున్ను పెట్టలేదు

గోరంతను కొండంత చేస్తారని లోకంలో ఒక మాట ఉంది. నాకు గోరు దొరకడమే ఆలస్యం. కొండ చేస్తాను, దాని మీద గుడి కడతాను, గుడికి మెట్లు వేస్తాను, ఆ మెట్ల పక్కన కొబ్బరికాయల కొట్లు కూడా పెట్టిస్తాను. తరవాత ఎవరూ నన్ను నిలదీయకూడదని ఇది ముందే ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో నా మాటను నాలుగో వంతుకు తగ్గించుకుని వింటారు. నా దగ్గర జువాలజీ చదివిన ఇంటర్ పిల్లలు నా పాఠంలో సగం కొట్టేసి, మిగతా సగం రాసి మంచి మార్కులతో పాసయ్యారు. మీరూ మీకు తోచినంత తగ్గించుకోండి. ఇందులో పెంచినవి చాలా ఉంటాయి గానీ, పూర్తిగా పుట్టించింది ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

సెల్‌ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే దిగుతున్న రోజులు. నేను సత్తుపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. కాపురం మాత్రం వేంసూరు వైపు మా ఊళ్లోనే. ఆ ఏడాది కాలువకు నీళ్లు రాలేదు. ఊరు మొత్తం మీద పచ్చగా కనిపించేవి రెండే: రామచిలకలు, మా ఆవిడ గాజులు. రామచిలకలు కూడా సిగ్గుపడి భద్రాచలం అడవి వైపు వెళ్లిపోయాయి.

మా ఇంట్లో ఒక బర్రె ఉండేది. చూడుతో ఉంది. దానికి పెట్టడానికి గడ్డివాము తప్ప మరో దిక్కు లేదు. ఆ వాము వయసు గురించి ఊళ్లో రెండు అభిప్రాయాలు ఉండేవి. మా నాన్న వేసిందని కొందరు, ఊరు పుట్టకముందే ఉందని కొందరు. అందులోంచి పీకిన గడ్డిని బర్రె నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించేది. నమలడం మానేసి నా వైపు చూసేది. ఆ చూపులో తిట్లు ఉండేవి.

ఇక్కడ మొదటి ఈత సంగతి చెప్పాలి. అప్పుడు పుట్టిన దూడ నిలబడలేదు. ముందరి కాళ్లు మడిచిందే గానీ చాపలేదు. రెండో రోజుకే పోయింది. దూడ మూతి పొదుగుకు తగిలితే తప్ప మా బర్రె చేపదు; పాలు పొదుగులోకి దింపదు. దాణా పెట్టినా, బుజ్జగించినా, రేడియోలో పాటలు వినిపించినా దింపలేదు. పొదుగు ఎండిపోయింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో ప్యాకెట్ పాలే. ఇంట్లో బర్రెను కట్టేసుకుని పాల ప్యాకెట్ కత్తిరించడం ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఆ మొదటి ఈతలో దూడ మూతిని కాస్త పొదుగుకు ఆనించి పాలు పిండుకుని, అది కింద పడి ఉండగానే వీధిలో అందరికీ జున్ను పంచాం. మా వైపు అది ఆనవాయితీ. బర్రె ఈనిందని వినగానే గిన్నెలు బయల్దేరతాయి. ముర్రుపాలు పిండి, బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి ఇంటింటికీ పంపాలి. ఎవరింటికి ముందు పోయింది, ఎవరి గిన్నె నిండా పోయింది, ఎవరికి అడుగున మాడిన ముక్క వచ్చింది అనేవి మా ఊళ్లో యుద్ధాలకు కారణాలు. ఒక ఇంటివాళ్లకు జున్ను పంపడం మరిచిపోతే వాళ్ల పిల్లల పెళ్లికి మనకు పిలుపు ఉండదు. అందరి గిన్నెలూ నిండాక మిగిలిందే దూడది.

రెండో ఈత ఒక ఆదివారం పొద్దున వచ్చింది. పెయ్యదూడ. నల్లగా, తడిగా, కళ్లు రెండూ రెండు నేరేడు పళ్లలా. బర్రె నాకింది. దూడ తల ఎత్తింది. దూడ కాళ్లు కదిపింది, వణికింది, పక్కకు ఒరిగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ఒరిగింది. మూడోసారి ప్రయత్నించలేదు.

మా ఆవిడ కొట్టం గుంజను పట్టుకుని కాసేపు నిలబడింది. ఆమె పుట్టిల్లు అశ్వారావుపేట అవతల అడవి అంచున. అక్కడి గూడేల్లో పాతకాలంలో ఆవు పాలు పిండేవారు కాదని, తల్లి పాలు బిడ్డవేనని అనేవారని ఆమె ఎప్పుడూ చెప్పేది. మేం నవ్వేవాళ్లం. ఆ పొద్దున నవ్వలేదు. ఆమె చీర కొంగు నడుముకు దోపి, "ఇది లేవాలి. దీనికి తాగించనిదే ఒక్క చుక్క కూడా ఈ కొట్టం దాటదు. ఎవరొచ్చినా సరే" అంది.

"ఎవరొచ్చినా" అంటే ఎవరో నాకు తెలుసు. మా పెదనాన్న కొడుకు భార్య, మా వదిన. మా దొడ్డికీ వాళ్ల దొడ్డికీ మధ్య ఒక మొండిగోడ, అందులో మనిషి పట్టేంత సందు. వదినది నేలకొండపల్లి వైపు పుట్టిల్లు. నోరు తెరిస్తే నేలకొండపల్లి దాకా వినపడుతుంది. జున్ను విషయంలో ఆమెది సుప్రీంకోర్టు హోదా. మిరియం గింజ ఎక్కువైతే నాలిక మీదే తీర్పు.

ముందు డాక్టరుకు ఫోన్ చేయాలి. మా ఊళ్లో సిగ్నల్ దొరికేది ఒక్కచోటే, మా గడ్డివాము మీద. కాబట్టి నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఊరి జనం సగం మంది కింద నిలబడి చూస్తుండగా, కల్లూరు పశువుల దవాఖానా డాక్టరమ్మకు దూడ పరిస్థితి అరిచి చెప్పాను. నా అరుపుకు ఫోన్ అవసరం లేదనీ, కల్లూరులో నేరుగా వినిపించిందనీ తరవాత కొందరు సాక్ష్యం చెప్పారు.

డాక్టరమ్మ చిన్న వయసు. మోపెడ్ దిగుతూనే దూడ దగ్గర కూర్చుంది. తొడ కండలు నొక్కి చూసింది, గుండెకు గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. లేచి నన్ను అడిగింది.

"పచ్చిగడ్డి ఎప్పుడు తిన్నది సార్ బర్రె?"

"గడ్డి రోజూ తింటుంది మేడం."

"పచ్చిది అడిగిన."

నేను ఇందాక దిగిన వామును చూపించాను. ఆమె ఒక పరక పీకి, విరిచి, వాసన చూసింది. "ఇంత పాత గడ్డిలో కడుపు నిండుడు తప్ప ఏమీ ఉండదు. తల్లికే విటమిన్ ఇ లేదు. ఉన్నా కడుపులో బిడ్డకు చాలా కొంచెమే దిగుతది. పుట్టినంక ముర్రుపాలతోనే అందాలె. సెలీనియం కూడా తక్కువై ఉంటది. కండలు పాడైతున్నయి. పోయినసారి దూడదీ ఇదే అయి ఉంటది."

"బతుకుతదా?" అని మా ఆవిడ అడిగింది.

"సూది ఇస్తున్న. కాళ్ల కండలైతే లేపుదాం అమ్మా. గుండె కండకు పట్టి ఉంటే నా చేతిల లేదు. ముర్రుపాలు కొంచెం కొంచెం, మాటిమాటికీ తాగించండి. బర్రె బలహీనంగ ఉన్నది, ఎక్కువ రావు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి రేపూ ఎల్లుండీ దానికే. పంచుడు గించుడు పెట్టుకోకండి."

పంచుడు అనే మాట ఆమె నోట్లోంచి రాగానే మొండిగోడ సందులో ఒక ఇత్తడి చెంబు మెరిసింది. చెంబు వెనకాల వదిన.

"ఏం చెల్లె, ఈనిందంట గద. నా చెంబు కూడ తెచ్చుకున్న. నువ్వు మల్ల ఎవరితోటి పంపుతవు అని."

మా ఆవిడ అడ్డం నిలబడింది. "ఈసారి జున్ను లేదక్కా."

కొట్టం చుట్టూ గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. ఆ నిశ్శబ్దంలో వేంసూరు బస్టాండులో కండక్టరు విజిల్ వినిపించింది.

"లేదంటే? అయిపోయిందా?" అంది వదిన.

"లేదంటే లేదే. దూడకే చాలవు."

"గిట్లాంటి మాట మా అత్త బతికుండగ ఈ వాడకట్టుల విన్లే. ఏంది మరిదీ, నువ్వన్న చెప్పు. నీ ఇంట్ల రాజ్యం ఎవరిది?"

రాజ్యం ఎవరిదో చెప్పడం ప్రమాదం కాబట్టి నేను పాఠంలోకి దిగాను. కొట్టం ముందు గిన్నెలతో నిలబడ్డ జనం నాకు అచ్చం ఫస్టియర్ క్లాసులా కనిపించారు. చేతిలో సుద్దముక్క ఒక్కటే తక్కువ.

"వదినా, మన ఒళ్లంతా కణాలు కదా. ఒక్కో కణానికి చుట్టూ ఒక గోడ ఉంటుంది. ఇటుక గోడ కాదు, కొవ్వు గోడ. జాతరలో జనంలాగా కొవ్వు అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని కదులుతుంటాయి. కొవ్వు అన్నాక గాలి సోకితే చెడుతుంది. నూనెలో వేయించిన చక్రాల పాత డబ్బా మూత తీస్తే వాసన వస్తుంది చూడు, అదే. గోడలో ఒక అణువు చెడిందంటే పక్కదాన్ని చెడగొడుతుంది, అది దాని పక్కదాన్ని. ఖమ్మం మిర్చియార్డులో ఒక బస్తాకు నిప్పు అంటుకుంటే..."

"ఓయ్, నా బస్తాలున్నయి ఆడ! మంచి మాట మాట్లాడు!"

"సరే, నీ బస్తాలు కాదు, పక్కూరివాళ్లవి. ఆ నిప్పు బస్తా నుంచి బస్తాకు పాకుతుంటే, మధ్యలో ఒకటి అడ్డం పడి, ఆ మంట తన మీద వేసుకుని, మిగతావాటిని కాపాడుతుంది. అదే విటమిన్ ఇ. గోడలోనే కూర్చుని ఉంటుంది. అది లేకపోతే గోడకు చిల్లులు పడతాయి. బయట ఉండాల్సిన సున్నం, అదే కాల్షియం, లోపలికి జొరబడుతుంది, కండ బిగుసుకుని తెల్లగా పాలిపోతుంది. దూడ లేవలేదు."

వదిన చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "మంట తన మీద ఏసుకొని ఇల్లు కాపాడుతది. అంటే ఇంటికి పెద్దకోడలు లెక్క."

ఆమె మా ఉమ్మడి కుటుంబానికి పెద్దకోడలు. విటమిన్ ఇ గురించి అంతకంటే సూటి నిర్వచనం నేను చెప్పిన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. నేను ఉత్సాహపడిపోయాను.

"ఇంకా విను. పొదుగులో పాలు ఎలా ఊరతాయనుకున్నావు? కణం లోపల వెన్న చుక్క తయారవుతుంది. అది బయటికి పోవాలి. తలుపు లేదు. అందుకని గోడను తోసుకుంటూ, గోడ ముక్కనే ఒంటికి చుట్టుకుని బయటపడుతుంది. చుట్టం పోతూ పోతూ మన గుమ్మం తెర కప్పుకుపోయినట్టు. మీ గిన్నెలో తేలే ప్రతి వెన్న చుక్కా కణం గోడ చీర కట్టుకునే వచ్చింది."

"మరి పోయినోళ్లంత తెరలు కప్పుకపోతే గుమ్మానికి ఏముంటది?"

క్లాసులో ఏ పిల్లవాడూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. "అక్కడే ఉంది చమత్కారం. పాలల్లో మాంసకృత్తులు చిన్న చిన్న సంచుల్లో కట్టుకుని గోడ దగ్గరికి వస్తాయి. సంచి మూతి గోడకు అతుక్కుంటుంది, సరుకు బయట పడిపోతుంది, సంచి గుడ్డ గోడలో కలిసిపోతుంది. ఒకరు తెర పట్టుకుపోతుంటే ఒకరు గుడ్డ ఇచ్చి పోతుంటారు."

"అంటే నీ బర్రె పొదుగుల దర్జీ గూడ ఉన్నడు."

"లక్షల మంది దర్జీలు! ఆ గుడ్డ చెడిపోకుండా చూసుకునేదీ విటమిన్ ఇ యే. ఆ వెన్నతో పాటే ముర్రుపాలలోకి ఎక్కి దూడ కడుపులోకి దిగుతుంది. తల్లి ఒంట్లో ఉన్న కాస్తా ముందు ముర్రుపాలకే ఇస్తుంది. ఆ పాలు మనం తింటే మనకు జున్ను. దూడకు కాళ్లు పోతాయి."

నేను చప్పట్ల కోసం ఆగాను. మా ఆవిడ నా మోచేతిని గట్టిగా లాగింది. "మీ గోడలూ దర్జీలూ తరవాత చెబుదురు గాని, ముందు ఈ గోనెసంచి ఆ చివర పట్టుకోండి."

గిన్నెలు ఒక్కొక్కటే వెనక్కి మళ్లాయి. వదిన చెంబు మాత్రం కదలకుండా కాసేపు ఉంది. "సరే చెల్లె. లేపుకో. నీ దూడ లేచినంక నీకూ నాకూ మాట" అని సందులోంచి వెళ్లిపోయింది.

ఇక మా ఇంటి పనంతా దూడను లేపడమే. గోనెసంచి దాని పొట్ట కింద నుంచి దూర్చి, ఆ చివర నేను, ఈ చివర మా ఆవిడ పైకెత్తి నిలబెట్టేవాళ్లం. కాళ్లు నేలకు ఆనేవి, ఆని వంగిపోయేవి. దూడ బరువు ఏనుగు బరువు. మా ఆవిడ ఒక చేత్తో సంచి పట్టుకుని ఇంకో చేత్తో దాని తొడలు రుద్దేది. నా నడుము పట్టేసి కాలేజీలో బోర్డు మీద పై సగం రాయడం మానేశాను. పిల్లలు కణత్వచం బొమ్మను నేలకు దగ్గరగా వేసుకున్నారు.

దూడ లేచి పొదుగు అందుకోలేదు. కాబట్టి పాలసీసా కావాలి. సత్తుపల్లి మెడికల్ షాపులో పీక ఉన్న సీసా అడిగితే, షాపతను నా తలలో తెల్లవెంట్రుకలు చూసి నవ్వాడు. "బాబా, పాపా సార్?" "పాపే" అన్నాను. అది నిజం కూడా. సాయంత్రం బస్సు ఊరు చేరేలోగా నాకు పుట్టిన పాప గురించి బస్సులో అందరికీ తెలిసిపోయింది. ఎవరో నాకు సీటు ఇచ్చారు. దిగేటప్పుడు కండక్టరు చెయ్యి కలిపాడు.

మా ఆవిడ సీసాకు పీక పెట్టి, దూడ మెడను ఒళ్లో పెట్టుకుని, కొంచెం కొంచెం తాగించేది. మొదట పెదవుల పక్క నుంచి కారిపోయేది. ఆమె తుడిచి మళ్లీ పెట్టేది. విసుక్కోలేదు. నేను విసుక్కున్నాను, బర్రె విసుక్కుంది, ఆమె విసుక్కోలేదు. "దీని గోడలు బాగయ్యేదాకా నేను ఈడనే" అని కొట్టంలోనే కూరలు తరుక్కుంది, కొట్టంలోనే జడ వేసుకుంది. బర్రె కూడా ఆమెకు అలవాటుపడి, దూడ మూతి పొదుగు దాకా రాకపోయినా, ఆమె దూడ ఎంగిలి చేతికి రాసుకుని చన్ను నిమిరితే కొద్దికొద్దిగా చేపడం మొదలుపెట్టింది. పిండిన ముర్రుపాలన్నీ సీసాకే. మిగిలినవి ఫ్రిజ్‌లో. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవొద్దని నా మీద నిషేధం.

డాక్టరమ్మ మళ్లీ వచ్చి గుండె విన్నది. "సప్పుడు మంచిగనే ఉన్నది" అంది. అంతకుమించి మాట ఇవ్వలేదు. మా ఆవిడకు అది చాలింది.

ఆ తరవాత వచ్చింది ఆ పొద్దు. ఊరు ఊరంతా మా దొడ్లో ఉంది. గడ్డివాము మీద కాకులు బారులు తీరాయి. దూడ ఒక్కసారి తల ఎగరేసింది. ముందరి కాళ్లు రెండూ నేలకు తన్ని, పంచకల్యాణి గుర్రంలా రొమ్ము విరిచి, గాలిలో మెలితిరిగి లేచి నిలబడింది. భూమి కంపించింది. భద్రాచలం దగ్గర గోదావరి ఒక్క క్షణం ఆగి, ఏమైందని ఇటు చూసి, మళ్లీ నడిచింది.

ఇదిగో, నేను పుట్టించింది ఇదే.

దూడ లేచింది, అది నిజం. ఎలా లేచిందో మాత్రం మేం చూడలేదు. ఊరూ లేదు, కాకులూ లేవు. ఆ సమయానికి మేమిద్దరం వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడి, కరెంటు పోయి వచ్చాక సీసాలో పాలు విరిగాయా లేదా అని వాసన చూస్తూ పోట్లాడుకుంటున్నాం. కొట్టంలో ఖంగుమని చప్పుడైంది. పరిగెత్తాం. దూడ నాలుగు కాళ్ల మీద ఉంది. వణుకుతూనే పొదుగులో తల దూర్చి కుమ్ముతోంది. బర్రె ధారగా చేపింది, దూడ మూతి చుట్టూ నురగ. ఇత్తడి చెంబు ఒకటి కుడితి గోలెం దాకా దొర్లి ఉంది. పక్కన వదిన.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనే అడిగాను.

"ఎట్లా లేచింది వదినా?"

వదిన చెంబు తీసుకుని దుమ్ము దులుపుకుంది. "జున్ను పెట్టినోళ్లకు చెప్త."

అంతే. సందులోంచి వెళ్లిపోయింది. అప్పటికి ముర్రుపాలు మామూలు పాలలోకి తిరిగాయి, ఆ ఈతకు ఇక జున్ను లేదు. తరవాతి ఈతకు దూడ కడుపునిండా తాగాక మొదటి గిన్నె వదినకే పంపాం. తిన్నది, మిరియాలు తక్కువయ్యాయని తీర్పు ఇచ్చింది, నోరు మాత్రం విప్పలేదు. "ఆ ఈతది ఆ ఈతదే" అంది. మా ఆవిడ ఎన్నోసార్లు అడిగింది. దాన్ని లేపడానికి అంత తపించింది కదా, ఆ లేచే క్షణం ఒక్కటీ ఆమె కళ్లపడలేదు. ఆ బాకీ నేను తీరుద్దామని పైన గుర్రాన్నీ గోదావరినీ తెచ్చాను.

మొన్న ఈ కాగితాలు వదినకు చదివి వినిపించాను. ముందరి కాళ్లు తన్ని లేచిందన్న చోట కావాలనే ఆగాను. జువాలజీ చెప్పేవాణ్ని, పశువు ముందు ఏ కాళ్ల మీద లేస్తుందో నాకు తెలియదా? వదిన కుర్చీలో ఇటూ అటూ కదిలింది. ఆగలేకపోయింది.

"ముందరి కాళ్లా? గుర్రమా అది? ఎనక కాళ్లు లేపింది ముందల. లేపి, మోకాళ్ల మీద కూలబడ్డది. ఇంక లేవదనుకున్న. నా కొంగు నోట్ల పట్టుకొని చీకుతాంటె, నేనే కొంగు జరంత జరంత పైకి గుంజిన. అది కొంగుతోటే మీదికొచ్చి..."

తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. ఆమె చేతిలో టీ గ్లాసులు ఆగిపోయాయి.

వదిన ఆమెను చూసి, గభాల్న నోరు మూసుకుంది. "సాలు. మిగిలింది జున్ను పెట్టినంకనే" అని గ్లాసు అందుకుంది.